టైఫాయిడ్ లేదని నేను రాసిన రిపోర్టు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లకు పైగా క్రిములను పెంచి, గుర్తుపట్టి, రిపోర్టులు రాసి ఇంట్లో కూర్చున్నదాన్ని కాబట్టి, ఏవో కిటుకులు చెబుతానని వాళ్ల ఆశ. జీతాల సంగతి, సర్టిఫికెట్ల సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒకటే ఉంది. నా రిపోర్టు వల్ల ఒక వంటమనిషికి రెండు చేతులూ పనికిరాకుండా పోయాయి. 

కొన్ని పేర్లు మార్చాను. ఊరి పేరు రాయడం లేదు. జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ ఒక ఊరు అనుకుంటే చాలు.

మా సారు

మా ల్యాబు ఒక నర్సింగ్ హోం మేడ మీద మూడు గదులు. యజమాని రహంతుల్లా సారు మైక్రోబయాలజీ చదివిన డాక్టరు. పని నేర్పడంలో ఆయనకు సాటి వచ్చేవాళ్లను నేను మళ్లీ చూడలేదు. ధైర్యంలో మాత్రం నాలాంటి, మీలాంటి మామూలు మనిషే.

టైఫాయిడ్ కోసం రక్తంతో చేసే వైడాల్ టెస్టంటే ఆయనకు మంట. "మన పక్క ఎవురి రక్తం తీసినా అది ఎంతో కొంత పాజిటివ్ చూపిస్తాది సుభద్రా. దాన్ని నమ్మి మందులిచ్చేటోళ్లు రోగిని చూడరు, కాగితాన్ని చూస్తారు" అనేవారు. నేను ఆయనతో ఏకీభవిస్తాను, ఇప్పటికీ. టైఫాయిడ్ అని చెప్పాలంటే క్రిమిని పట్టుకుని చూపించాలి.

ఇంకో మాట కూడా అనేవారు. "క్రిమి దొరకలేదని మనం చెప్పొచ్చు. లేదని చెప్పాల్సింది అల్లా. ఆ రెండు మాటలు కలపొద్దు."

నేను కలిపాను.

గంధకం దారిలో వచ్చే దాయాది

కథలోకి పోయేముందు మా పనిలోని ఒక సంగతి చెప్పాలి. లేకపోతే నా తప్పేమిటో మీకు అర్థం కాదు.

మలంలో కోటానుకోట్ల క్రిములుంటాయి. వాటిలో టైఫాయిడ్ క్రిమిని వెతకడమంటే శ్రావణ శనివారం నాడు గండి ఆంజనేయస్వామి తిరునాళ్ల జనంలో తప్పిపోయిన మనిషిని వెతకడమే. అందుకని ముందు జనాన్ని పలచబరుస్తాం. సెలినైట్ అనే ఉప్పు కలిపిన ద్రవంలో మలాన్ని కొంచెం వేసి, పద్దెనిమిది గంటలపాటు వెచ్చగా ఉంచుతాం.

అది ఎట్లా పనిచేస్తుందో నేను చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. ఏ క్రిమి అయినా బతకాలంటే గంధకం కావాలి. క్రిమి ఒంటిని చుట్టి ఉన్న పొరలో, గంధకపు ఉప్పులు లోపలికి రావడానికని ప్రోటీన్లతో కట్టిన ద్వారాలుంటాయి. బయట ఒక ప్రోటీను గంధకాన్ని పట్టి అందిస్తుంది. పొరలో ఉన్న ప్రోటీన్లు శక్తి ఖర్చుపెట్టి దాన్ని లోపలికి లాగుతాయి. సెలినైట్‌లో ఉండే సెలీనియం గంధకానికి దాయాది. రూపంలో, గుణంలో చాలా దగ్గర. అందుకే ద్వారం దగ్గరి ప్రోటీను తేడా గట్టిగా పట్టలేక దాన్నీ రానిస్తుంది. లోపల చేరిన సెలీనియం గంధకం పనులన్నీ చెడగొడుతుంది. పేగుల్లోని మామూలు క్రిములు దానికి ముందు కుంగిపోతాయి. టైఫాయిడ్ క్రిమి కొంత ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. ఆ కొన్ని గంటల ఓర్పు మీదే మా టెస్టు నిలబడుతుంది. సెలీనియం లోపలికి పోయే దారులు ఇవి మాత్రమే కావనీ, ఏ దారిలో ఎంత పోతుందో ఇంకా వెతుకుతున్నారనీ ఈమధ్య చదివాను. సంతోషం. మాకు అప్పట్లో తెలిసింది వండే పద్ధతి ఒక్కటే.

ఆ పద్ధతిలో ఒక హెచ్చరిక ఉంది. సెలినైట్‌ను ఆవిరి మీద కాసేపే ఉంచాలి. ఎక్కువసేపు ఉంచితే విరిగిపోయి అడుగున ఇటుకపొడి రంగు దిగుతుంది. అప్పుడు దానికి మామూలు క్రిములను అణిచే బలం పోతుంది. అవి కమ్మేస్తే టైఫాయిడ్ క్రిమి ఉన్నా కనపడదు. రంగు తిరిగితే పారబోయాలి. నేను మొదటివారం నేర్చుకున్న పాఠం అది.

ఏడుగురు మంచం పట్టారు

ఎలక్షన్లకు ముందు ఎండాకాలం. నేను చెప్పిన ఊళ్లో ఒక పార్టీ నాయకుడుండేవాడు. అందరూ పెద్దాయన అనేవాళ్లు. వాగుకు అవతలి ఊరు ఇంకో పార్టీది. రెండూళ్ల మధ్య అప్పటికే ఐదారు ప్రాణాలు పోయి ఉన్నాయి. పెద్దాయన ఇంట్లో ఎప్పుడూ పాతికమంది మనుషులు కాపలా ఉండేవాళ్లు. అక్కడే తిండి, అక్కడే పడక.

నెలన్నర లోపల వాళ్లలో ఏడుగురు జ్వరంతో మంచం పట్టారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే జ్వరం, కడుపునొప్పి. సుబ్బరాయుడు అనే అతనికి పేగు చిల్లిపడి, కడపకు తీసుకుపోతుంటే దారిలో చనిపోయాడు. ఊళ్లో ఒకటే మాట. ఎవరో అన్నంలో మందు పెట్టారు. ఒక్కసారిగా కాకుండా మెల్లగా చంపే మందు.

వంట చేసేది మద్దిలేటి. గొర్రెలు మేపుకునే కుటుంబం వాళ్లది. కరువులో గొర్రెలు పోతే ఆ ఇంట్లో వంటకు కుదిరాడు. అతని భార్య సుంకమ్మ పుట్టినిల్లు వాగవతలి ఊరు. అనుమానానికి అంతకంటే ఏం కావాలి.

పెద్దాయన మనిషి ఒకడు జీపులో మా ల్యాబుకు వచ్చాడు. ముగ్గురు రోగుల మలం సీసాల్లో తెచ్చాడు.

"టైఫాడో, మందో తేల్చి చెప్పమన్న్యాడు పెద్దాయన" అన్నాడు.

ఆ ఉదయమే నేను సెలినైట్ ద్రవం ఆవిరి మీద పెట్టి ఉన్నాను. కింద గాజులమ్మే ఆమె వచ్చింది. పోయి గాజులు చూసుకుంటూ అరగంట కూర్చున్నాను. పైకి వచ్చేసరికి సీసాల అడుగున పలచగా నారింజరంగు నీడ. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. మళ్లీ కలిపి సిద్ధం చేయాలంటే పూట పడుతుంది. ఈమాత్రానికి ఏమవుతుందిలే అనుకుని అందులోనే వేశాను.

మర్నాడు ఆ ద్రవాన్ని క్రిములు పెంచే ప్లేట్ల మీద గీస్తే మామూలు క్రిములు గడ్డిలా పెరిగాయి. నేను వెతికేది కనపడలేదు. సారు బంధువుల పెళ్లికని కడపలో ఉన్నారు. రిపోర్టు నేనే రాశాను: టైఫాయిడ్ క్రిములు లేవు.

కాగితం తీసుకుంటూ జీపు మనిషి అడిగాడు. "అంటే టైఫాడు కాదా మేడమ్?"

"కాదు" అన్నాను.

మద్దిలేటి

నాలుగో రోజు కింద వార్డులో రక్తం తీయాలంటే పోయాను. మంచం మీద నలభై ఏళ్ల మనిషి. రెండు చేతులకూ తువ్వాళ్లు చుట్టి ఉన్నాయి. డాక్టరు తువ్వాలు విప్పాడు.  వేళ్లు వేళ్లలా లేవు.

పక్కన నిలబడ్డ భార్యను అడిగాను. "ఎట్లయింది?"

"రోటి మీద పెట్టి రోకలితో దంచినారు" అంది. ఏడవడం లేదు. ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పింది. "వంట జేసే చేతులు గదా, అందుకని."

"ఎందుకు?"

"మీ ల్యాబులోనే టైఫాడు కాదని రాసిచ్చినారంట గదమ్మా. టైఫాడు కాకపోతే మందే గదా అన్న్యారు. మందైతే వంటోడే గదా అన్న్యారు."

ఆ మాటలు నా చెవిలో పడ్డాయి కానీ బుర్రలోకి పోవడానికి చాలాసేపు పట్టింది. సిరంజి చేతిలో ఉంది. రక్తం తీశానో లేదో కూడా గుర్తులేదు. మేడమీదికి ఎట్లా పోయానో గుర్తులేదు. ఫ్రిజ్‌లో మిగిలిన సీసా తీసి చూశాను. అడుగున ఇటుకపొడి దిగి ఉంది.

సారు అప్పుడే ఊరినుంచి వచ్చారు. సీసా ఆయన చేతికిచ్చి జరిగిందంతా చెప్పాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"చెప్పొద్దు. ముందు మళ్లీ చేద్దాం."

పెద్దాయనకు ఫోన్ చేసి, ఎండకు శాంపిళ్లు చెడిపోయాయి, ఇంట్లో అందరివీ మళ్లీ తీయాలని చెప్పారు. అబద్ధం. నేను పక్కనే నిలబడి విన్నాను. అవతలి గొంతు నాకు కూడా వినిపించింది.

"బేస్తారం దాకా ఆగుతా సారూ. మందు తెప్పించింది ఆ ఊరోళ్లే. బేస్తారం దాటితే మా వాళ్లను నేను పట్టలేను."

అవ్వ

శనివారం సారూ నేనూ జీపులో పోయాం. ఎత్తైన ప్రహరీ లోపల మనుషులు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. నేను ఒక గుడ్డసంచి పక్కన కూర్చోబోతే ఒకతను నెమ్మదిగా అన్నాడు, "ఆ సంచి పక్క కూసోవద్దమ్మా." అందులో ఏముందో అడగలేదు. లేచి నిలబడ్డాను.

మగవాళ్లవి సారు చూసుకున్నారు. నేను ఇంట్లోకి పోయాను. పెద్దాయన తల్లి నారాయణమ్మ అవ్వ వంటింట్లో చెనిక్కాయ విత్తనాల ఊరిబిండి పచ్చడి నూరుతోంది. చేత్తో తీసి గిన్నెలో వేస్తోంది.

"మీరెందుకవ్వా నూరుతున్నారు?"

"సంగటి ఎవురు కెలికినా ఊరిబిండి నేన్నూరాల, మజ్జిగ నేను కలపాల. ఈళ్లు నా చేతిది గాకుంటే తినరు పాప."

అందరితోపాటు ఆమెది కూడా కావాలంటే నవ్వింది. జ్వరం ఎప్పుడైనా వచ్చిందా అని అడిగాను.

"పెండ్లయిన కొత్తల్లో నెల్రోజులు పడుంటి. అప్పటాల నుంచి కుడిపక్క డొక్కలో నొప్పి వస్తాపోతా ఉంటాది. దాందేముందిలే." తర్వాత గొంతు తగ్గించింది. "మద్దిలేటి చేతులెట్లుండాయి?"

"పనికి రావవ్వా."

ఆమె నూరడం ఆపేసింది. "వాడట్ల జేసేటోడు కాదని నేను జెప్తి. నా మాట ఇన్ల్యా."

ఈసారి ద్రవం ఆవిరి మీద పెట్టి, గడియారం చూస్తూ పక్కనే నిలబడ్డాను. మంచినీళ్లకు కూడా కదల్లేదు. మర్నాడు దాన్నుంచి బిస్మత్ సల్ఫైట్ ప్లేట్ల మీద గీశాను. ఆ ప్లేటులో ఉండే గంధకాన్ని టైఫాయిడ్ క్రిమి మార్చేసి నల్లటి చుక్కలుగా, పైన లోహపు మెరుపుతో పెరుగుతుంది. ఇంకేదో అని పొరపడడం కష్టం.

మంగళవారం ఉదయం మూడు ప్లేట్లు నల్లబడ్డాయి. రెండు జ్వరంతో ఉన్నవాళ్లవి. మూడోది పద్నాలుగో నంబరు. వార్డులో మద్దిలేటి దగ్గర తీసిన శాంపిల్లో క్రిమి దొరకలేదు. పద్నాలుగు ఎవరిదా అని రిజిస్టరు తిరగేశాను. నారాయణమ్మ.

పేరు మీద వేలు పెట్టి మళ్లీ చదివాను. ప్లేటు మీది నంబరు చూశాను. సీసా మీది నంబరు చూశాను. తర్వాత గాజు పలక మీద, టైఫాయిడ్ క్రిమిని పట్టే యాంటీసీరం కలిపి చూస్తే క్రిములు గుంపులుగా అతుక్కున్నాయి. అనుమానానికి చోటు లేదు.

సారు ప్లేటు తీసుకుని చూశారు. "ఇంకోసారి తెప్పించు. ఆ ఇంట్లో ఈ మాట చెప్పాలంటే ఒక్క ప్లేటు చాలదు" అన్నారు. అవ్వ ఇంకో శాంపిల్ ఇవ్వాలని కబురు చేశాం.

పేరు మార్చమన్నారు

శాంపిల్ కంటే ముందు, బుధవారం, పెద్దాయనే వచ్చాడు. మందు కాదని, టైఫాయిడ్ అని, అది ఎవరినుంచి వస్తోందో కూడా సారు ఆయనకు చెప్పారు.

"మా యమ్మకు జొరం గూడా ల్యా గదా సారూ."

"ఆమెకు రాదప్పా. పాతకాలంలో వచ్చిన జ్వరం తగ్గింది గానీ క్రిమి పోలేదు. పిత్తాశయంలో రాళ్లుంటే వాటిని పట్టుకుని ఏండ్లకేండ్లు ఉంటాది. ఆమెను ఏం చెయ్యదు. చేతులమీదుగా తిండిలో పడి వేరేవాళ్లకు పోతాది."

ఆయన తల దించుకుని విన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి మీద నాకు ఆ క్షణం జాలి కలిగింది. అబద్ధమెందుకు.

తర్వాత తలెత్తి మామూలు గొంతుతో అన్నాడు. "సరే సారూ. మా యమ్మ పేరు తీసేసి మద్దిలేటి పేరు రాయండి."

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

"వాని చేతులు ఇంగ యాడ బాగుపడ్తాయి. ఎట్లయినా పోయినోడే గదా. వానికి రోగముందని, వాని చేత్తో అందరికీ వచ్చిందని రాయండి. మందు కాదని నేనొప్పుకుంటా. ఆ ఊరి మీదికి పోయేది ల్యా. నా మాట."

సారు వెంటనే కాదనలేదు. "రేపిస్తాం" అన్నారు.

జీపు పోయాక నేను సారు ముందు నిలబడ్డాను. "నిజంగా రాస్తారా?"

"సుభద్రా, ఒక పేరు మారిస్తే ఆ ఊర్లో రేపు ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఆలోచించు."

"మద్దిలేటి సార్?"

ఆయన రిపోర్టు పుస్తకం తెరిచి పెన్ను తీశారు. నాకు పని నేర్పిన చెయ్యి అది. అది కాగితం మీద వాలడం చూడలేక బయటికి వచ్చేశాను. ఆయన్ను నిలదీసే హక్కు మాత్రం నాకెక్కడిది. దీనికంతటికీ మొదలు నేను.

గురువారం, పెద్దాయన గడువు పెట్టిన ఆ బేస్తారం ఉదయం, ల్యాబు తెరిచేసరికి మెట్ల మీద అవ్వ కూర్చుని ఉంది. పక్కన ఊరి ఆడమనిషి ఒకామె. మొదటి బస్సుకు వచ్చారట. నేను పంపిన సీసా గుడ్డలో చుట్టి సంచిలో తెచ్చింది.

"అందరియ్యి ఒకసారే తీసుకుంటివి. నాదెందుకు రెండోసారి పాప?"

సారు ఇంకా రాలేదు. వస్తే నన్ను చెప్పనివ్వరని తెలుసు. లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి చెప్పాను.

"అవ్వా, ఎవరూ మందు పెట్టలేదు. టైఫాయిడ్ క్రిమి నీ కడుపులో ఉంది. నీకు తెలియకుండానే నీ చేతులనుంచి వాళ్ల తిండిలోకి పోయింది."

 ఆమె అడిగింది. "సుబ్బరాయుడు?"

నేను తల ఊపాను.

"పెండ్లాం పుట్టింటికి పోయిందంటే వారం దినాలు వానికి నేనే కలిపి పెట్టినా" అంది. తర్వాత, "మా వానికి తెలుసునా?"

"తెలుసవ్వా."

"ఏమన్న్యాడు?"

అది కూడా చెప్పాను.

"మద్దిలేటి పేరా?" అంది. మళ్లీ, "మద్దిలేటి పేరా?"

నీళ్లిస్తే చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. "ఈ గ్లాసు నేను ముట్టుకోవచ్చునా?"

ముట్టుకోవచ్చు, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలని, వైద్యం ఉందని చెప్పాను. ఆమె తాగలేదు. లేచి బస్టాండుకు పోయింది.

ఆ మధ్యాహ్నం జరిగింది జీపు డ్రైవరు తర్వాత మాకు చెప్పాడు. మనుషులంతా వరసల్లో తినడానికి కూర్చున్నారట. మా రిపోర్టు ఇంకా అందలేదు కాబట్టి, తిన్నాక వాగు దాటాలని మాట్లాడుకుని ఉన్నారట. పెద్దాయన కూడా పళ్లెం ముందు కూర్చున్నాడు. అవ్వ గడపలో నిలబడి, "మందు ఎవురూ పెట్లేదు. సుబ్బరాయున్ని సంపింది నా చెయ్యి. మద్దిలేటిది ఏం తప్పు ల్యా. నా కొడుక్కు గూడా తెలుసు" అందట. పెద్దాయన లేచి లోపలికి పోయాడు. ఎవరూ ముద్ద ముట్టలేదు. ఆ రోజు వాగు ఎవరూ దాటలేదు. ఎలక్షన్ల నాడు వేరే కారణానికి దాటారు, అది వేరే సంగతి.

సారు తను రాసిన కాగితం నా ముందే చింపేశారు. పది రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన ఒక పద్ధతి నేర్పడానికి పిలిచారు. ఆయన్ను నేను చెడ్డవాడని ఎప్పుడూ అనను. భయపడిన మంచివాడు. మీకూ అలాంటి పెద్దలే దొరుకుతారు. పని నేర్చుకోండి, భయం నేర్చుకోకండి.

అవ్వకు వేలూరులో పిత్తాశయం తీశారు. ఆ తర్వాత మూడుసార్లు చూసినా క్రిమి దొరకలేదు. అయినా ఆమె మళ్లీ వంటింట్లో అడుగుపెట్టలేదని విన్నాను.

సుంకమ్మ

మద్దిలేటి కట్లు మార్చడానికి రెండు నెలలు తిరిగారు. ఒకరోజు సుంకమ్మ రిపోర్టు కోసం ఒంటరిగా మేడమీదికి వచ్చింది. చెప్పొద్దన్న సారు పక్కగదిలోనే ఉన్నారు. నేను తలుపు వేసి చెప్పాను.

"సుంకమ్మా, మొదటి రిపోర్టు తప్పు. శాంపిళ్లు ఎండకు చెడిపోలేదు. క్రిమిని పట్టడానికి మేము ఒకటి కాస్తాం. దాన్ని పొయ్యి మీద పెట్టి నేను మరిచిపోయాను. అది చెడిందని చూసి కూడా అందులోనే టెస్టు చేశాను."

ఆమె నన్ను చూసింది. "మాడిపోయిందని తెలిసే వడ్డించినావా?"

"అవును."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆమె నేల మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. పక్కగదిలో సారు కుర్చీ కదిలిన చప్పుడైంది. బయటికి రాలేదు.

"మద్దిలేటికి కూడా నేనే చెబుతాను" అన్నాను.

"వద్దు."

"తెలియాలి కదా సుంకమ్మా."

"పెద్దాయన మీది కోపం మోసేదానికే ఆయనకు బలం చాలడంల్యా. ఇంగ నిన్ను గూడా యాడ మోస్తాడు." చీరకొంగు దులుపుకుని లేచింది. "నాకు చెప్పినావు గదా. నేను మోస్తాలే."

మద్దిలేటి పోయి రెండేళ్లయింది. సుంకమ్మ అంతకుముందే పోయింది. ఆమె ఆయనకు చెప్పలేదనే నాకు తెలిసింది. అందుకే ఇన్నాళ్లకు రాస్తున్నాను.

ఆ రోజు నేను ఇంకా ఏదో అనబోయాను. ఆమె వినలేదు.

"అన్నం పొద్దయింది. తినిపించాల" అని కిందికి దిగిపోయింది.